లినక్స్ వేశాక నల్ల స్క్రీన్: నోమోడ్‌సెట్టా, డ్రైవరా?

ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. లాగిన్ అడుగుతూ అక్షరాలు కనిపిస్తే సిస్టమ్ బూట్ అయినట్టే, తేడా చాలావరకు గ్రాఫిక్స్ దగ్గరే. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలని తొందరపడకండి. ఎన్విడియా కార్డున్న ల్యాప్‌టాప్‌కు ఇక రెండు దారులు: నోమోడ్‌సెట్ (nomodeset: గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కనపెట్టి సాదా తెరతో బూట్ అవ్వమని లినక్స్‌కు చెప్పే మాట), లేదా ఎన్విడియా సొంత డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్).

ఖర్చు: రెండూ ఉచితమే.

శ్రమ: నోమోడ్‌సెట్‌కు రెండు నిమిషాలు చాలు. గ్రబ్ మెనూలో (మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు ఏ సిస్టమ్ మొదలుపెట్టాలో అడిగే తెర) ‘ఇ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే లైను చివర స్పేస్ ఇచ్చి ఆ మాట చేర్చి, ఎఫ్10 కొట్టడమే. ఎన్విడియా డ్రైవర్‌కు ఇంటర్నెట్, రీస్టార్ట్, కాస్త ఓపిక కావాలి.

రిస్క్: మొదటిదానికి దాదాపు లేదు, ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. రెండోదాంట్లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్‌లో అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే చిక్కు రావచ్చు. ఉబుంటులో అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమనొచ్చు. అలా అడిగితే, రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెర మీద ‘ఎన్‌రోల్ మోక్’ (డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పే ఎంపిక) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. కంగారులో ‘కంటిన్యూ బూట్’ నొక్కేస్తే డ్రైవర్ లోడ్ కాదు, టెన్షన్ మళ్లీ మొదటికొస్తుంది.

ఫలితం: నోమోడ్‌సెట్‌తో తెర వస్తుంది గానీ రిజల్యూషన్ తగ్గొచ్చు, వీడియోలు ఆగి ఆగి ఆడొచ్చు, బ్రైట్‌నెస్ మారకపోవచ్చు. దాన్ని శాశ్వతంగా ఉంచేయడం నాకు నచ్చదు. డ్రైవర్ కుదిరితే కార్డు పూర్తి సత్తా చూపిస్తుంది.

ఫైళ్లు తీసుకోవాలి, లేదా డెస్క్‌టాప్‌లోకి వెళ్తే చాలు అనుకుంటే నోమోడ్‌సెట్. రోజూ వాడే మెషీన్ అయితే దాంతో లోపలికెళ్లి, డ్రైవర్ వేసుకోండి. ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ ఒక్కటే ఉంటే ఈ డ్రైవర్ గొడవే లేదు, కొత్త కెర్నల్‌కు (లినక్స్ మూల భాగం) మారి చూడండి.