రొయ్యల మేత డిపోలో నేటివ్ ఇమేజ్: కరెంటు రాగానే లేస్తుంది, జబ్బు చేస్తే మాత్రం నాడి దొరకదు

ఇందుకూరుపేట దగ్గర ఒక రొయ్యల మేత డిపోకి బిల్లింగు, అరువు ఖాతాలు చూసే వెబ్ అప్లికేషన్ రాసిచ్చాను. జావాలో స్ప్రింగ్ బూట్ 3 ఫ్రేమ్‌వర్క్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. మొదట మామూలు జేవీఎం (జావా కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) మీదే నడిచేది, గ్రాల్‌వీఎం నేటివ్ ఇమేజ్‌కి, అంటే జేవీఎం అక్కర్లేకుండా ముందే మెషిన్ కోడ్‌గా కట్టిన ఫైలుకి, మార్చి ఏడాది దాటింది. అది ఎలా పనిచేస్తుందో చాలామంది రాశారు, మళ్ళీ చెప్పను.

మార్చింది ఒక్క కరెంటు కోసం. డిపోలో ఉండేది 4 జీబీ ర్యామ్ పాత డెస్క్‌టాప్, యూపీఎస్ బ్యాటరీ ఎంతోసేపు ఆగదు. ఎండాకాలం సరే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు పట్టాయంటే కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు. పొద్దున్నే గుంటలకి మేత వేయాలి కాబట్టి రైతులు ఆటో బయట ఆపి కౌంటర్ దగ్గర నిలబడి ఉంటారు. జేవీఎం రోజుల్లో అప్లికేషన్ లేచి మొదటి బిల్లు కొట్టేసరికి నిమిషం దాటేది. "కరెంటొచ్చి ఎంతసేపయింది అబ్బయ్యా, బిల్లింకా రాలా" అని డిపో ఆయన ఫోను. ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ లేవడమే ఆలస్యం, మనది అర సెకనులో సిద్ధం. ఆ ఫోను ఆగిపోయింది. నాకు ఇంతకంటే సంతోషం ఇచ్చిన మార్పు ఈ ప్రాజెక్టులో ఇంకోటి లేదు.

అప్పట్లో కనపడ్డ ప్రతి ప్రోగ్రామర్‌కీ మారిపొమ్మని చెప్పాను. ఇప్పుడు కాస్త ఆగి చెబుతున్నాను.

ఈ ఏడు ఒక వారం పాటు కరెంటు అసలు పోలేదు. సరిగ్గా ఆ వారమే అప్లికేషన్ నెమ్మదించింది. బిల్లు నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. టాప్ కమాండ్ కొట్టి చూస్తే మన ప్రాసెస్సే మెమరీ అంతా మింగి కూర్చుంది, పోస్ట్‌గ్రెస్ ర్యామ్ చాలక స్వాప్‌లోకి, అంటే డిస్క్ మీదికి పోయింది. మెమరీ లీకు (వాడేశాక కూడా వదలకపోవడం) మొదటినుంచీ ఉంది. రోజూ కరెంటు పోయి రీస్టార్ట్ అవుతుండటంతో బయటపడలేదు, అంతే. జేవీఎంలో ఎక్స్‌ఎమ్‌ఎక్స్ (మెమరీ గరిష్ఠ పరిమితి) ఇవ్వకపోతే హీప్, అంటే ప్రోగ్రామ్ తన డేటా పెట్టుకునే మెమరీ, మెషిన్ మెమరీలో నాలుగో వంతు దగ్గర ఆగుతుంది. నేటివ్ ఇమేజ్‌లో అలా వదిలేస్తే 80 శాతం దాకా పోతుంది. 4 జీబీ మెషిన్‌లో డేటాబేస్‌కి ఇక మిగిలేదేముంది?

లోపల ఏముందో చూద్దామంటే దారి లేదు. నడుస్తున్న జావా ప్రోగ్రామ్ లోపల చూపించే జేమ్యాప్, జేస్టాక్ ఏవీ తగులుకోవు. నడుస్తుండగా కనిపెట్టే ఏజెంట్ తగిలిద్దామంటే, అది పట్టుకునే జావా బైట్‌కోడే లోపల లేదు. హీప్ డంప్ (ఆ క్షణంలో మెమరీలో ఉన్నదంతా ఫైలుగా) కావాలంటే బిల్డ్ చేసేటప్పుడే ఎనేబుల్ మానిటరింగ్ ఆప్షన్‌లో హీప్‌డంప్ అని రాసి ఉండాలి. అంటే ఇప్పుడు మళ్ళీ కట్టాలి, పాతదాన్ని ఆపి కొత్తది ఎక్కించాలి. ఆపిన క్షణమే సాక్ష్యం పోతుంది. జబ్బు మళ్ళీ ముదిరేదాకా కాచుకోవాలి. నా కోపమంతా ఇక్కడే.

కట్టడం కూడా ఆ డెస్క్‌టాప్‌లో అయ్యే పని కాదు, దానికే కొన్ని జీబీల మెమరీ కావాలి. నెల్లూరులో నా ల్యాప్‌టాప్‌లో కట్టి ఫైలు పంపుతాను. ఏ రకం ప్రాసెసర్‌కి కట్టాలో చెప్పే మార్చ్ ఆప్షన్‌లో కంపాటిబిలిటీ అని ఇవ్వకపోతే, ఏవీఎక్స్2 ఆదేశాలు లేని ఆ పాత ప్రాసెసర్ మీద ఫైలు లేవనే లేవదు.

కొత్తది ఎక్కించి, మెమరీ బాగా పెరిగాక, ప్రాసెస్‌కి సిగ్‌యూజర్1 సిగ్నల్ పంపితే హెచ్‌ప్రాఫ్ ఫైలు, అంటే హీప్ డంప్, వచ్చి పడింది. విజువల్‌వీఎంలో తెరిస్తే అన్నిటికంటే పైన బైట్ అర్రేలు, వరుసగా ఒకే సైజు. ఒకటి విప్పి చూస్తే మా తెలుగు ఫాంటు! రైతుకి వాట్సాప్‌లో పంపే బిల్లు పీడీఎఫ్ చేసిన ప్రతిసారీ ఆ పీడీఎఫ్ లైబ్రరీ ఫాంటును కొత్తగా చదివి తన క్యాష్ హ్యాష్‌మ్యాప్‌లో దాచుకుంటోంది, వదలడం లేదు. ఆ క్యాష్ ఆపేశాక మెమరీ గీత నిలకడగా ఉంది. డంప్ చేతికొచ్చాక కారణం దొరకడానికి గంట కూడా పట్టలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి.

ఇప్పుడు ప్రతి బిల్డ్‌లోనూ హీప్‌డంప్, జేఎఫ్‌ఆర్ (నడిచేటప్పటి సంగతులు రికార్డు చేసేది) రెండూ పెడుతున్నా, ఎక్స్‌ఎమ్‌ఎక్స్ తప్పకుండా ఇస్తున్నా. అప్లికేషన్ పనితీరు కొలిచే మైక్రోమీటర్ లెక్కలు, వాటిని దాచే ప్రొమీథియస్‌కి పోతున్నాయి, అవి మొదటినుంచీ బాగానే పనిచేశాయి.

ఈ డిపో వరకు జేవీఎంకి వెనక్కి పోను. ఒకే పాత మెషిన్, ఒకేసారి వాడేది నలుగురైదుగురు, కరెంటు మన చేతిలో లేదు. రోజుల తరబడి ఆగకుండా నడిచేచోట లెక్క వేరు, జేఐటీ (నడుస్తుండగానే కోడ్‌ని మెషిన్ కోడ్‌గా మార్చేది) వేడెక్కాక జేవీఎం ఎక్కువ పని లాగుతుంది, నడుస్తుండగానే లోపలికి తొంగి చూడొచ్చు. కావలి వైపు ఒక ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు ఇలాంటిదే అడిగారు. వాళ్ళకి జనరేటర్ ఉంది, ర్యామ్ బోలెడంత ఉంది. వాళ్ళకి జేవీఎం మీదే ఇస్తున్నాను.