బయటి డిస్క్‌లో లైనక్స్: పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్, ఎస్‌ఎస్‌డీల్లో ఏది మేలు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత ల్యాప్‌టాప్‌ని పక్కన పడేయలేక, ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ వైపు చూసేవాళ్ళకి ఎదురయ్యే మొదటి టెన్షన్, లోపలి డిస్క్‌లో ఉన్న ఫొటోలు, ఆఫీసు ఫైళ్ళు ఏమవుతాయోనని. ఆ భయంలో తప్పేమీ లేదు. లైనక్స్‌ని బయటి యూఎస్‌బీ డిస్క్‌లో పెట్టుకుంటే విండోస్ జోలికి పోనక్కర్లేదు. మరి ఎందులో పెట్టాలి?

పర్సిస్టెన్స్ ఉన్న లైవ్ పెన్‌డ్రైవ్, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్‌ని నడిపి, మీరు చేసిన మార్పుల్ని దాచుకునే పెన్‌డ్రైవ్, అన్నిటికన్నా సులువు. వైఫై పట్టుకుంటుందా, సౌండ్ వస్తుందా, టచ్‌ప్యాడ్ పనిచేస్తుందా అని చూసుకోవడానికి, బూట్ కాని విండోస్ నుంచి ఫైళ్ళు బయటికి తీయడానికి దీన్ని మించింది లేదు. రోజువారీ వాడకానికి మాత్రం వద్దంటాను. ఇందులో అసలు సిస్టమ్ అంతా కుదించిన, మార్చడానికి వీల్లేని ఒకే ఫైల్‌లో ఉంటుంది. మీరు చేసే మార్పులు దాని మీద ఇంకో పొరలా చేరతాయి. అప్‌డేట్ చేసిన కొద్దీ పాత ఫైళ్ళు కింద అలాగే ఉండిపోతాయి, పైన చోటు తరిగిపోతుంది. కొత్త కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) వేసుకున్నా, సాధారణంగా బూట్ అయ్యేది పాతదే.

కాబట్టి అసలు పోటీ హార్డ్‌డిస్క్‌కీ ఎస్‌ఎస్‌డీకీ మధ్యే. రెండింటిలోనూ లైనక్స్‌ని పూర్తిగా ఇన్‌స్టాల్ చేయొచ్చు. యూఎస్‌బీ 3.0 వేగం సెకనుకు 5 గిగాబిట్లు కదా, హార్డ్‌డిస్క్ సరిపోదా అనిపిస్తుంది. ఇక్కడ అడ్డం పడేది కేబుల్ కాదు. పెద్ద సినిమా ఫైల్ కాపీ చేసేటప్పుడు హార్డ్‌డిస్క్ బాగానే పరిగెడుతుంది. సిస్టమ్ బూట్ అవడం, బ్రౌజర్ తెరుచుకోవడం అలాంటి పనులు కావు. వేల చిన్న చిన్న ఫైళ్ళు డిస్క్ మీద తలో చోట ఉంటాయి. ఒక్కోదాని కోసం హెడ్ జరగాలి, పళ్ళెం తిరిగి ఆ చోటు కిందికి రావాలి. దానికే పది మిల్లీసెకన్లకి పైగా పోతుంది, అంటే సెకనుకు వంద రీడ్‌లు కూడా కష్టమే. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేలల్లో చేస్తుంది. అందుకే యూఎస్‌బీ 2.0 పోర్టులో, సెకనుకు 30-40 మెగాబైట్లు మాత్రమే వచ్చే చోట కూడా, ఎస్‌ఎస్‌డీ మీద డెస్క్‌టాప్ హాయిగా కదులుతుంది. పైగా తిరుగుతున్న హార్డ్‌డిస్క్‌కి కుదుపు పనికిరాదు. ల్యాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకుని పనిచేసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

అయినా ఇంట్లో ఖాళీ హార్డ్‌డిస్క్ ఉంటే దానితోనే మొదలుపెట్టండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ వేసి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌ని వాడుకోవడం) అవసరం రానంత ర్యామ్ ఉంటే పని నడిచిపోతుంది.

ఏ డిస్క్ ఎంచుకున్నా, అసలు జాగ్రత్త పడాల్సింది బూట్‌లోడర్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) దగ్గర. ఉబుంటు అనే లైనక్స్ రకం ఇన్‌స్టాలర్‌కి, ముఖ్యంగా పాత వెర్షన్లలో, ఒక చెడ్డ అలవాటు ఉంది. యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అయ్యే మెషీన్లలో మీరు బయటి డిస్క్‌ని ఎంచుకున్నా, గ్రబ్ అనే తన బూట్‌లోడర్‌ని లోపలి డిస్క్‌లోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే (బూట్‌లోడర్లు ఉండే చోటు) పెట్టేస్తుంది. తర్వాత డిస్క్ తీసేసి ఆన్ చేస్తే విండోస్‌కి బదులు నల్ల తెర మీద గ్రబ్ ప్రాంప్ట్ కనిపిస్తుంది. కంగారు పడకండి, విండోస్ ఎక్కడికీ పోలేదు. బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ని ఎంచుకుంటే వస్తుంది. కానీ మీ లైనక్స్ డిస్క్ వేరే కంప్యూటర్‌లో బూట్ కాదు, తెచ్చుకున్న లాభమే పోతుంది.

ఇది తప్పాలంటే ఇన్‌స్టాల్‌కి ముందు లోపలి డిస్క్‌ని విప్పేయండి, లేదా బయోస్‌లో ఆ ఆప్షన్ ఉంటే ఆపేయండి. అప్పుడు ఇన్‌స్టాలర్‌కి బయటి డిస్క్ ఒక్కటే కనిపిస్తుంది. అది కుదరకపోతే, బయటి డిస్క్‌లో ఫ్యాట్32 ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి చేసి, గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్‌ని రిమూవబుల్ ఆప్షన్‌తో నడపండి. ఏ మెషీన్ అయినా బయటి డిస్క్‌లో ముందుగా వెతికే చోటే గ్రబ్ చేరుతుంది. బిట్‌లాకర్ (విండోస్ తన డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే ఇవన్నీ మొదలుపెట్టే ముందే రికవరీ కీ రాసి పెట్టుకోండి.

రెండు మూడు కంప్యూటర్లలో తిప్పాలనుకుంటే డెబియన్ లేదా ఉబుంటు మేలు. వాటి బూట్ ఇమేజ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ముందుగా లోడయ్యే ఫైల్) చాలా రకాల డ్రైవర్లు ముందే ఉంటాయి. మరో లైనక్స్ రకం ఫెడోరా అయితే మామూలుగా, ఇన్‌స్టాల్ చేసిన మెషీన్‌కి సరిపడా మాత్రమే ఉంచుకుంటుంది. వేరే చోట మొరాయిస్తే గ్రబ్ మెనూలోని రెస్క్యూ ఎంట్రీతో బూట్ చేయాలి. జేబులో పట్టే డిస్క్ పోవడం ఎంతసేపు? ఇన్‌స్టాల్ సమయంలోనే ఎన్‌క్రిప్షన్ పెట్టేయండి.

హార్డ్‌డిస్క్‌తో మొదలుపెట్టినవాళ్ళు తర్వాత ఎస్‌ఎస్‌డీ కొన్నా మళ్ళీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌తో డిస్క్‌ని యథాతథంగా కాపీ చేయొచ్చు, ఎస్‌ఎస్‌డీ సైజు హార్డ్‌డిస్క్ కన్నా తగ్గకుండా చూసుకోండి. పార్టిషన్ల యూయూఐడీలు (గుర్తింపు సంఖ్యలు) కూడా కాపీ అవుతాయి కాబట్టి సెట్టింగులేవీ మార్చకుండానే బూట్ అవుతుంది. అదే కారణంతో, పాతదాన్ని చెరిపేసేదాకా రెండు డిస్కుల్నీ కలిపి తగిలించి బూట్ చేయకండి.