నల్లరేగడిలో పైల్స్ వేసే టీమ్: తవ్వకం భేష్, బల్బు దగ్గర మాత్రం కాపలా కాయాలి

తాడికొండ దగ్గర మా ఇంటికి అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దించే కాంక్రీట్ స్తంభాలు, అడుగున బల్బులా ఉబ్బెత్తుగా ఉంటాయి) వేసిన టీమ్‌కి నేనిచ్చే మార్కులు ఐదుకి మూడున్నర. పేరు రాయను, ఆ చుట్టుపక్కల చేత్తో ఈ పని చేసే ఏ టీమ్‌ని పిలిచినా చూసుకోవాల్సినవి ఇవే.

మాది అచ్చమైన నల్లరేగడి. ఎండాకాలం నెర్రెల్లో చెయ్యి దూరుతుంది, నాలుగు వానలు పడితే అదే నేల ఉబ్బి పైనున్నదాన్ని ఎత్తేస్తుంది, మా వీధిలో మామూలు ఫుటింగుల మీద కట్టిన ఇళ్ళకి కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు అందుకే. ఈ గోలంతా ఎక్కువగా పైపొరదే. లోపలికి పోయేకొద్దీ తేమ పెద్దగా మారదు కాబట్టి పైల్‌ని అక్కడిదాకా దించి అడుగున బల్బు చేస్తే, నేల ఉబ్బినా దాన్ని పైకి లాగలేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్ళు 1950ల్లోనే మన రేగడి కోసం తయారుచేసిన పద్ధతి ఇది, కొత్త టెక్నాలజీ అని రేటు పెంచేవాళ్ళని నమ్మకండి.

మా డిజైన్‌లో బోరు, అంటే పైల్ కోసం తవ్వే గుంత, వ్యాసం 300 మి.మీ., బల్బు దానికి రెండున్నర రెట్లు, 750. లోతు 4 మీటర్లు. బోర్లు చకచకా తీశారు, నిటారుగా వచ్చాయి, వంక పెట్టడానికి లేదు. అసలు కథ బల్బు దగ్గర. రీమర్ (గుంత అడుగుని వెడల్పు చేసే పనిముట్టు) దించి పైనుంచి హ్యాండిల్ నొక్కుతూ తిప్పితే లోపల బ్లేడ్లు విచ్చుకుని మట్టి కోస్తాయి, అది కింద బకెట్లో పడుతుంది, పైకి లాగి పారబోసి మళ్ళీ దించాలి. మొదట్లో బకెట్ నిండా జిగట ముద్దలు, పోనుపోను తగ్గి చివరికి హ్యాండిల్ ఊరికే తిరుగుతుంది, పైపు మీద పెట్టుకున్న గుర్తు కిందికి దిగుతుంది. అప్పుడే అయినట్టు. కూలీలు మాత్రం ఎండ ముదిరేసరికి, ఇంకా సగం బకెట్ మట్టి వస్తుండగానే 'అయిపోయింది సార్' అనేవారు. కాంక్రీట్ పోశాక లోపల బల్బు ఉందో లేదో ఎవడు చూడొచ్చాడు? నేను కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాక దారిలో పడ్డారు.

స్టీలు దించేటప్పుడు కవర్ బ్లాకులు (స్టీలు మట్టికి తగలకుండా ఎడంగా ఉంచే చిన్న దిమ్మెలు) కూడా అడిగితేనే కట్టారు. గ్రేడ్ బీమ్‌ని (పైల్స్ తలలని కలుపుతూ గోడల్ని మోసే బీమ్) నేల మీదే పోసేద్దాం అన్నారు చూడండి, దానికి మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. పైల్ పునాదుల భారత ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం ప్రకారం రేగడిలో బీమ్ కింద కనీసం 80 మి.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే ఉబ్బిన నేల నేరుగా బీమ్‌నే తంతుంది, అంత డబ్బు పోసి దించిన పైల్స్ దండగ. మా ఇంజనీరు పట్టుబట్టి కింద సెంట్రింగ్ పెట్టించి తర్వాత ఊడదీయించాడు.

రేటు అడుగు లెక్కన, బల్బుకి వేరే. తవ్విన మట్టి ఎవరు ఎత్తాలో ముందే మాట్లాడుకోండి, మాకు గేటు ముందు కుప్ప పోసి వెళ్ళిపోయారు, ట్రాక్టర్ ఖర్చు మా నెత్తినే పడింది.

తెనాలి, రేపల్లె వైపు నీళ్ళు పైపైనే తగిలే చోట ఇలాంటి టీమ్‌ని పిలవకండి. అక్కడ బోరు గోడలు జారిపోకుండా బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన నీళ్ళు నింపుతూ తవ్వాలి, ట్రెమీ పైపుతో అడుగు నుంచి కాంక్రీట్ పోయాలి, వీళ్ళ దగ్గర ఆ సరంజామా లేదు. మెట్ట రేగడిలో జీ ప్లస్ వన్ కట్టుకునేవాళ్ళు పిలవచ్చు, అదీ బల్బులు తీసే రోజుల్లో ఇంట్లో ఒకరు సైట్‌లో ఉండగలిగితేనే.