ఒంటి తీగ యాంటెన్నాతో ఎఫ్‌టీ8: రెండో తీగ సంగతి ఎవరూ చెప్పరు

హ్యామ్ రేడియోలో ఎండ్-ఫెడ్ హాఫ్-వేవ్ (అర తరంగం పొడవున్న తీగకి ఒక చివర నుంచి సిగ్నల్ ఇచ్చే యాంటెన్నా) గురించి అందరూ చెప్పే గొప్ప ఒకటే: ఒకే తీగ, ఒక చివర ఫీడు, ట్యూనర్ (యాంటెన్నాని రేడియోకి సరిపెట్టే పెట్టె) గొడవ లేదు. మూడేళ్లు ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి) మీద వాడాక చెప్తున్నాను, ఆ "ఒకే తీగ" అన్నది శుద్ధ అబద్ధం. రెండో తీగ ఉంది. రిగ్గు (రేడియో సెట్టు) దాకా వచ్చే కోయాక్స్ కేబుల్ పైఅల్లికే ఆ రెండో తీగ.

ఎఫ్‌టీ8 లోతుపాతులు, దాని సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ఎలా ఎక్కించాలో ఇక్కడ చెప్పను. కొత్తవాళ్లు తరచూ తప్పే మూడు చోట్లు మాత్రం చెప్పి ముందుకు పోతాను. డీటీ (సెకన్లలో సమయం తేడా) వరసలో అందరి అంకెలూ ఒకే వైపుకి 0.8, 0.9 అని జరిగి కనిపిస్తే తప్పు వాళ్లది కాదు, మీ కంప్యూటర్ గడియారానిది. ఏఎల్‌సీ (ఆడియో మితిమీరితే పవర్‌ని అదుపు చేసే ఏర్పాటు) ముల్లు కదిలీ కదలనట్టు ఉండేదాకా పవర్ స్లైడర్ తగ్గించండి, స్పీచ్ ప్రాసెసర్ ఆపేయండి. స్ప్లిట్ (ప్రసారానికి వేరే ఫ్రీక్వెన్సీ) సెట్టింగ్ దగ్గర "ఫేక్ ఇట్" పెట్టండి. అప్పుడు ప్రసారమయ్యే ఆడియో టోను ఎప్పుడూ 1500 నుంచి 2000 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది, దాని రెట్టింపు టోన్లు ఫిల్టర్ బయట పడిపోతాయి.

ఇక యాంటెన్నా. సుమారు 20 మీటర్ల తీగ, దాని చివరని కోయాక్స్‌కి సరిపెట్టే 49:1 ట్రాన్స్‌ఫార్మర్, 30 వాట్లు. 14.074 మెగాహెర్ట్జ్‌లో బ్యాండ్ తెరుచుకున్న సాయంత్రం వేరే ఖండం నుంచి -18, -20 డెసిబెళ్ల రిపోర్టులు వస్తుంటే వేరే యాంటెన్నా ఎందుకు అనిపిస్తుంది. (ఆ -20 అన్నది 2500 హెర్ట్జ్ వెడల్పు రొదతో పోల్చిన లెక్క. సిగ్నల్ మాత్రం 50 హెర్ట్జ్‌లో సర్దుకుంటుంది. అందుకే చెవికి ఏమీ వినపడకపోయినా తెర మీద డీకోడ్ అవుతుంది.)

గొడవంతా వాట్లు పెంచినప్పుడు మొదలైంది. 15 వాట్ల దగ్గర ఏ ఇబ్బందీ లేదు. 40కి పెంచగానే, 14 మెగాహెర్ట్జ్‌లో మాత్రమే, 12.64 సెకన్ల ప్రసారం అయిపోయాక కూడా రిగ్గు రిసీవ్‌కి రాదు. ఎర్ర దీపం అలాగే వెలుగుతుంటుంది, తెర మీద రిగ్ కంట్రోల్ తప్పిందన్న పెట్టె వస్తుంది, ఒక్కోసారి సౌండ్ కార్డే జాబితాలోంచి మాయమవుతుంది. యూఎస్‌బీ కేబుల్ పీకితే తప్ప ప్రసారం ఆగదు. (కేబుల్ సంగతే చెప్తున్నా. హ్యామ్‌లకు యూఎస్‌బీ అంటే అప్పర్ సైడ్‌బ్యాండ్ కూడా కదా.) అదే 40 వాట్లు 7.074లో పెడితే ఏమీ కాదు.

ఇది చూస్తే ఎవరికైనా ముందు అనుమానం వచ్చేది సాఫ్ట్‌వేర్ మీదే. డ్రైవర్ మార్చడం, పోర్టు వేగం తగ్గించడం, కొత్త కేబుల్ కొనడం... ఏదీ పని చేయదు. చేయాల్సిన పరీక్ష ఒక్కటే: యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (పవర్‌ని బయటికి పంపకుండా వేడిగా మింగేసే ఉత్తుత్తి యాంటెన్నా) తగిలించి, అదే బ్యాండ్‌లో అదే పవర్‌తో పంపండి. రోగం మాయమైతే సాఫ్ట్‌వేర్ నిర్దోషి. మరో గుర్తు కూడా ఉంది. ప్రసారం సాగుతుండగా కోయాక్స్‌ని చేత్తో పట్టుకుని కాస్త జరిపితే ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె) కదులుతుంది. మామూలుగా అయితే అలా కదలకూడదు.

కారణం ఏమిటంటే, తీగ చివర నుంచి కరెంటు పోవాలంటే దానికి ఎదురుగా ఇంకో దారి కావాలి. ఆ దారి మనం ఇవ్వకపోతే కోయాక్స్ అల్లిక బయటి వైపే దారి అవుతుంది. ఇక్కడ కోయాక్స్ 15.5 మీటర్లు, అంటే 14 మెగాహెర్ట్జ్‌కి దాదాపు మూడు పావు తరంగాలు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు శిఖరం, ఎర్త్ లేని రిగ్గు దగ్గర వోల్టేజీ శిఖరం. ఆ ఆర్‌ఎఫ్ (రేడియో కరెంటు) రిగ్గు డబ్బా మీదుగా యూఎస్‌బీలోకి దిగుతుంది. 7 మెగాహెర్ట్జ్‌లో పొడవు అలా కుదరదు కాబట్టి అక్కడ బతికిపోయాం.

మందు: ఒక ఎఫ్‌టీ240-31 ఫెరైట్ రింగు (ఇది రింగు మోడల్ పేరు, ఎఫ్‌టీ8తో సంబంధం లేదు), దాని మీద ఆర్‌జీ-58 కోయాక్స్‌తో 12 చుట్లు. దానికే దాదాపు మీటరు కేబుల్ పోతుంది. కోయాక్స్ ఇంట్లోకి వచ్చే చోట పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆనించి పెడితే కరెంటుకి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయి ఎస్‌డబ్ల్యూఆర్ చెడుతుంది. అక్కడే పెట్టాలనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ బోల్టుకి 2 మీటర్ల తీగ వేరుగా తగిలించాలి. యూఎస్‌బీ కేబుల్‌కి బిగించే క్లిప్ ఫెరైట్ల లోంచి కేబుల్ ఒక్కసారి దూరితే 14 మెగాహెర్ట్జ్‌లో ఫలితం నామమాత్రం. అడ్డగింపు చుట్ల వర్గంతో పెరుగుతుంది: మూడు చుట్లు వేస్తే తొమ్మిది రెట్లు. అందుకని అన్ని చుట్లు పట్టేలా కాస్త పెద్ద క్లిప్ తీసుకోండి.

అనుకోని లాభం ఆ తర్వాత తెలిసింది. అదివరకు మనకు ‑4 అని రిపోర్టు ఇచ్చిన స్టేషనే మనకు -19గా వినపడేది. అవతలివాళ్లు తక్కువ పవర్‌తో పంపుతున్నారేమో అనుకుని సరిపెట్టుకోవచ్చు కానీ, రోజూ, అందరితోనూ అదే తేడా ఉంటే లోపం మన రొదలో ఉన్నట్టే. చార్జర్లు, ఎల్‌ఈడీ దీపాల రొద కోయాక్స్ అల్లిక పట్టుకుని తీగ దాకా వెళ్లి, అక్కడి నుంచి సిగ్నల్ వేషంలో రిగ్గులోకి దిగేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ దొంగని మాత్రం ఫెరైట్ రింగు పట్టింది. వాటర్‌ఫాల్ (సిగ్నళ్లు ఫ్రీక్వెన్సీల వారీగా కనిపించే తెర) మీద నిలువు చారలు చాలావరకు పోయాయి, ఒక్కో విడతకి వచ్చే డీకోడ్లు కళ్లకు కనిపించేంత పెరిగాయి.

ట్యూనర్ అక్కర్లేదన్న మాట మీద కూడా కాస్త వెనక్కి తగ్గాలి. 7.074కి కోసిన తీగ 14లో బాగానే ఉంటుంది, 21లో ఫర్వాలేదు, 28కి వచ్చేసరికి రెజొనెన్స్ (తీగ సరిగ్గా కుదిరే ఫ్రీక్వెన్సీ) పైకి జరిగిపోతుంది. 10.136, 18.100, 24.915 దీని పరిధిలోనే లేవు. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసే "100 వాట్లు" మాటల ప్రసారం లెక్క. ఎఫ్‌టీ8లో ప్రతి 30 సెకన్లలో 12.64 సెకన్లు పూర్తి పవర్ తగ్గకుండా పోతుంది. పది శాతం నష్టం అనుకున్నా, 50 వాట్లలో 5 వాట్లు ఆ మూసిన పెట్టెలో వేడిగా మారతాయి. పావుగంట ఆపకుండా సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలిస్తే 1.4 ఉన్న ఎస్‌డబ్ల్యూఆర్ 2 దాటడం చూశాను. చల్లారాక మళ్లీ మామూలే. రెండు ఎఫ్‌టీ240-43 రింగులు ఒకదాని మీద ఒకటి పెట్టి చుట్టుకుంటే నయం, లేదంటే 30 వాట్ల దగ్గర ఆగిపోవాలి. ఇంకోటి, 50 వాట్లకి తీగ మొదట్లో దాదాపు 350 వోల్టులు ఉంటుంది. పిల్లల చేతికి అందే ఎత్తులో కట్టొద్దు.

కట్టడానికి ఒక్క చెట్టో, ఒక్క గుంజో తప్ప లేనివాళ్లకి, 30 వాట్లతో తృప్తిపడేవాళ్లకి ఇది సరిపోతుంది, ఫెరైట్ రింగు మొదటి రోజే కొనుక్కుంటే. రెండు ఆధారాలు ఉండి, మధ్యలో కోయాక్స్ దించే వీలుంటే, నేనైతే డైపోల్ (మధ్యలో ఫీడు ఇచ్చే యాంటెన్నా) కట్టేవాణ్ని. ఇక్కడ ఆ వీలు లేదు కాబట్టి ఇదే వాడుతున్నాను.