టాండమ్ సైకిల్ మీద మూడేళ్లు: వెనక సీటు మాట

టాండమ్ అంటే ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుని తొక్కే సైకిల్. నేను చదివిన టాండమ్ సమీక్షలన్నీ ముందు సీటువాళ్లు రాసినవే. వాటిలో గేర్లు, ఫ్రేము, బ్రేకుల సంగతి పేజీలకు పేజీలు ఉంటుంది. వెనక కూర్చున్న మనిషికి ఎలా ఉందన్నది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. మూడేళ్లుగా, మీటరు లెక్కలో 7,400 కిలోమీటర్లు, నేను ఆ వెనక సీట్లోనే కూర్చుని తొక్కాను. అందుకే ఇది రాయాలనిపించింది.

మేముండేది మెల్‌బోర్న్‌కి పడమర, టార్నీట్‌లో. మా ఆయన ఆరడుగుల మనిషి, నేను అయిదడుగుల ఒక అంగుళం. విడివిడి సైకిళ్ల మీద వెళ్లిన ప్రతిసారీ ఆయన ఎక్కడో ముందు ఆగి నా కోసం చూసేవారు. నేను రొప్పుతూ చేరేసరికి ఆయనకి అలసట తీరిపోయి మళ్లీ బయల్దేరేవారు. ఆ తంటా తప్పాలని 2022లో ఒక సెకండ్ హ్యాండ్ టాండమ్ కొన్నాం. స్టీలు ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు, డిస్క్ బ్రేకులు, 21 కిలోల బరువు. నడుమ కప్లింగులు విప్పితే ఫ్రేము రెండు ముక్కలుగా విడిపోతుంది.

ఇద్దరి పెడళ్లనీ ఎడమవైపు టైమింగ్ చైన్ కలుపుతుంది. ఆయన తొక్కితే నా కాళ్లు తిరగాల్సిందే. ఆయనకి బరువు గేరులో నెమ్మదిగా తొక్కడం అలవాటు, నాకు తేలిక గేరులో గబగబా తిప్పడం అలవాటు. మొదటి నెల రోజులు నా మోకాళ్లు బాగా నొప్పెట్టాయి. చివరికి నిమిషానికి 80 చుట్ల దగ్గర ఇద్దరం కుదురుకున్నాం. ఆయన అరవాల్సిన మాటలు మూడు: "గొయ్యి", "గేరు", "ఆగుతున్నా". ఈ మూడూ వేళకి వినబడితే నాకు టెన్షన్ ఉండదు. గొయ్యి అనడం ఒక్కసారి మరిచిపోతే వెన్నుపూస దాకా తెలుస్తుంది, ఎందుకంటే ముందున్న రోడ్డు నాకు కనిపించదు. అందుకే ఈ బండికి పెట్టిన ఖర్చులన్నిట్లోకీ నా సీటు కింద వేయించిన స్ప్రింగు సీట్‌పోస్టే గొప్పదని చెబుతాను. అది లేనప్పుడు 50 కిలోమీటర్లకే నడుం పట్టేసేది. ఇప్పుడు 100 దాటినా మామూలుగా దిగి వంట మొదలుపెడతాను.

అసలు పరీక్ష 2023 ఏప్రిల్‌లో జరిగింది. ముర్రే నది ఒడ్డున ఎచుకాలో బయల్దేరి డెనిలిక్విన్, హే, కోలియాంబల్లీ, జెరిల్డెరీ, టోకమ్‌వాల్, కొరోవా మీదుగా వాంగరాటా, అక్కడి నుంచి బ్రైట్. సామాను 28 కిలోలు. అందులో ఆవకాయ సీసా, అటుకులు, పులిహోర పేస్టు కూడా ఉన్నాయి. మాంసం తినని మాకు చిన్న ఊళ్ల పబ్బుల్లో చిప్స్ తప్ప పెద్దగా దొరకదు. కారవాన్ పార్కుల్లో ఉండే వంటగదులే మమ్మల్ని నిలబెట్టాయి.

డెనిలిక్విన్ నుంచి హే దాకా సుమారు 125 కిలోమీటర్లు. కాబ్ హైవే మీద వాంగనెల్లా, బూరూర్‌బన్ దాటితే మిగిలింది బల్లపరుపు మైదానమే. ఆ రోజు ఉత్తరం గాలి ఎదురు. సాఫీ రోడ్డు మీద టాండమ్‌కి ఉన్న బలం అక్కడ బాగా తెలిసింది: తొక్కేవాళ్లు ఇద్దరు, గాలికి అడ్డం పడేది మాత్రం దాదాపు ఒక్కరే. నేను పూర్తిగా ఆయన వీపు చాటున ఉన్నాను. కానీ ఆ చాటులో ఉక్క ఎక్కువ, ఎదురుగా చూడ్డానికి ఆయన చొక్కా తప్ప ఏమీ లేదు. పక్కలకే చూడాలి. చూసినకొద్దీ దూరంగా పరుగెత్తే ఈమూలు, కంచెలు, మళ్లీ కంచెలు. నా హెల్మెట్‌కి చిన్న అద్దం ఉంది. రోడ్ ట్రైన్, అంటే వెనక ట్రెయిలర్లు తగిలించుకున్న పొడుగాటి లారీ, వస్తోందని ముందు చూసేది నేనే. ముప్ఫై ఆరున్నర మీటర్ల బండి అది. 60 కిలోమీటర్ల వేగం దాటిన రోడ్ల మీద మాకు మీటరున్నర ఎడం వదలాలని అక్కడి చట్టం. చాలామంది అంతకంటే ఎక్కువే వదిలారు. అయినా ఎదురుగా కూడా లారీ వస్తుంటే నేను "దిగుదాం" అనేదాన్ని, ఆయన ఎదురు చెప్పకుండా మట్టిలోకి దించేవారు. ఆ నిర్ణయం వెనక సీటుదేనని మేం ముందే ఒప్పందం చేసుకున్నాం.

మట్టిలోకి దిగితే పల్లేరు కాయలు. నిజంగా మన పల్లేరే, అక్కడివాళ్లు క్యాట్‌హెడ్ అంటారు. చిన్నప్పుడు తణుకు దగ్గర మా ఊళ్లో అరికాల్లో గుచ్చుకున్న కాయే, ఇన్ని వేల మైళ్ల అవతల టైరులోంచి పీకాను. ఒకే రోజు మూడు పంక్చర్లయ్యాక ష్వాల్బె మారథాన్ ప్లస్ టైర్లు వేయించాం. తర్వాత ఇన్ని నెలల్లో పంక్చరైంది రెండుసార్లే. బరువైన టైర్లే, అయినా మళ్లీ అవే కొంటాను.

కోలియాంబల్లీ దగ్గర కాలవ దాటగానే నాకు వాసన తగిలింది. పండిన వరి వాసన. మా ఆయన హ్యాండిల్ మీద, రోడ్డు మీద ధ్యాస పెట్టి ఉన్నారు, ఆయనకి తెలియలేదు. "ఏవండీ, ఆపండి" అన్నాను. దిగి చూస్తే రోడ్డు పక్కన మడులు బంగారం రంగులో కోతకి సిద్ధంగా ఉన్నాయి. ఇక్కడ ఏడాదికి ఒక్కటే పంట, కొన్ని చోట్ల విత్తనాలు విమానంతో చల్లుతారట. గట్టు మీద ఎవరూ లేరు, కోత మిషను మాత్రం దూరంగా ఉంది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. విడి సైకిల్ మీద వస్తే ఆయన్ని అందుకోవాలన్న ఆత్రంలో దాటిపోయి ఉండేదాన్నని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఊళ్లలో ఈ బండి మాట కలుపుతుంది. బేకరీ ముందు నిలబెడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తారు. హేలో ఒక పెద్దావిడ మా బండి వెనక హ్యాండిల్ మీద చెయ్యి వేసి, తన పెళ్లయిన కొత్తలో తానూ ఇలాగే వెనక కూర్చునేదాన్నని చెప్పింది. ఎక్కి కూర్చోమన్నాను. కూర్చుంది. మా ఆయన పట్టుకుని నడిపించారు, కారు పార్కింగ్ చుట్టూ ఒక రౌండు.

ఇక లోపాలు. మొదటి ఏడాదిలోనే వెనక చక్రం ఆకులు (స్పోకులు) మూడు విరిగాయి. ఇద్దరి బరువూ సామానూ కలిస్తే 36 ఆకుల చక్రం చాలదు. 40 ఆకులతో చేత్తో కట్టించాక ఒక్కటీ విరగలేదు. బ్రేకులు కూడా ముందే ఆలోచించాల్సిన విషయం. బ్రైట్ నుంచి తవోంగా గ్యాప్ ఎక్కి మౌంట్ బ్యూటీ వైపు దిగుతుంటే డిస్కులు కాలిన వాసన వచ్చింది. రెండుసార్లు ఆగి చల్లార్చుకున్నాం. కొండ ప్రాంతాలకి వెళ్లేవాళ్లు మూడో బ్రేకు, వేగాన్ని పట్టి ఉంచేది, తప్పక వేయించుకోవాలి. ఎక్కుడులో టాండమ్ నెమ్మది, దానికి మందు లేదు. బీచ్‌వర్త్ దాకా పట్టాలు తీసేసి సైకిళ్లకి మార్చిన పాత రైలు దారి ఉంది, దాని ఎక్కుడు మెల్లగా ఉంటుంది కాబట్టి నడిచింది.

రవాణా పెద్ద తలనొప్పి. ఒక ఊళ్లో కోచ్ డ్రైవరు పొడుగు చూసి ఎక్కించుకోనన్నాడు. వానలో బస్టాండు పక్కన ఫ్రేము విప్పి, సంచుల్లో సర్ది, తర్వాతి బస్సు ఎక్కాం. నలభై నిమిషాలు పట్టింది. కప్లింగులు లేని టాండమ్ అయితే ఆ రాత్రి అక్కడే ఉండిపోయేవాళ్లం. ధర ఎక్కువైనా అవి ఉన్న ఫ్రేమే చూసుకోండి.

కొనేముందు నడిపి చూడడానికి షాపుకి వెళ్తే, వెనక కూర్చోబోయేవాళ్లే సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం చెప్పాలి. కనీసం రెండు గంటలు తొక్కి చూడాలి, కాస్త గతుకుల రోడ్డు మీద కూడా. మా టైమింగ్ చైన్ ఇప్పుడు సాగింది, కొత్తది తెప్పించాం. సెప్టెంబరులో టాలరూక్ నుంచి మాన్స్‌ఫీల్డ్ దాకా 134 కిలోమీటర్ల రైలు దారికి వెళ్తున్నాం. అది మ్యాగ్‌పై పక్షులు తలల మీదికి దూకే కాలం కాబట్టి వెనక నుంచి వాటిని చూసే పని కూడా నాదే.