టీఎస్‌ఎంసీ, ఇంటెల్, శాంసంగ్: 2 నానోమీటర్ల దగ్గర ఏది మేలు?

చిప్ డిజైన్‌లో పనిచేస్తానని చెప్పగానే నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. కాలేజీ పిల్లలు అడుగుతారు, షేర్లు కొనేవాళ్లు అడుగుతారు, ల్యాప్‌టాప్ కొనబోతున్నవాళ్లు కూడా అడుగుతారు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు రాసి రాసి విసుగొచ్చి, అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నాను. షేర్ల సంగతి నాకు తెలియదు, దయచేసి అడగొద్దు. నేను చెప్పగలిగింది ఒక్కటే: రేపు ఒక కొత్త చిప్ గీసి ఎవరి ఫ్యాబ్‌కి (చిప్ తయారీ ఫ్యాక్టరీకి) పంపాలో నన్నే తేల్చమంటే ఎవరికి పంపుతాను, ఎందుకు పంపుతాను అన్నది.

2 నానోమీటర్లు అన్నది ఈ తరం తయారీ పద్ధతికి పెట్టుకున్న పేరు మాత్రమేనని మీకు తెలిసే ఉంటుంది. ఈ తరం చిప్‌లలో కూడా ఒక గేటుకీ (ట్రాన్సిస్టర్‌ని ఆన్, ఆఫ్ చేసే భాగం) పక్క గేటుకీ మధ్య దూరం ఇంకా 45-50 నానోమీటర్ల దగ్గరే ఉంది. కాబట్టి ఇంటెల్ తన తరానికి పెట్టిన పేరు 18ఏ అంటే 1.8 నానోమీటర్లు కదా, టీఎస్‌ఎంసీ పెట్టిన ఎన్2 కంటే ఒక మెట్టు ముందున్నట్టే కదా అని లెక్కలు వేయకండి. 2025లో ఐఎస్‌ఎస్‌సీసీ అనే చిప్‌ల సదస్సులో రెండు కంపెనీలూ తమ ఎస్‌రామ్ (చిప్ లోపలి మెమరీ) సాంద్రత బయటపెట్టాయి, ఇద్దరిదీ చదరపు మిల్లీమీటరుకు 38 మెగాబిట్ల దగ్గరే ఉంది. మామూలు లాజిక్‌లో (లెక్కలు చేసే సర్క్యూట్లలో) మాత్రం టీఎస్‌ఎంసీయే ఎక్కువ ట్రాన్సిస్టర్లు పట్టిస్తుందని బయటివాళ్లలో చాలామంది అంచనా.

ట్రాన్సిస్టర్ ఎవరిది గొప్పది అని కూడా అడుగుతుంటారు. ఇక్కడ నిజంగా పెద్ద తేడా లేదు. 2011లో ఇంటెల్ 22 నానోమీటర్లకు ఫిన్‌ఫెట్ (నిలబెట్టిన సిలికాన్ రెక్కకి మూడు వైపులా గేటు) ప్రకటించినప్పుడు తేడా ఉంది, మిగతావాళ్లు అది అందుకోవడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు ముగ్గురూ ఒకే చోటికి వచ్చారు: సన్నని సిలికాన్ రేకులు ఒకదాని మీద ఒకటి, వాటి చుట్టూ నాలుగు వైపులా గేటు. ఇంటెల్ దాన్ని రిబ్బన్‌ఫెట్ అంటుంది, శాంసంగ్ ఎంబీసీఫెట్ అంటుంది, టీఎస్‌ఎంసీ ఏ అలంకారం లేకుండా నానోషీట్ అంటుంది. తయారీలో తిప్పలు ముగ్గురికీ అవే. సిలికాన్, సిలికాన్ జెర్మేనియం పొరలు మార్చి మార్చి పెంచాలి, తర్వాత మధ్యలోని సిలికాన్ జెర్మేనియం పొరలను మాత్రమే తొలిచి తీసేయాలి, ఆ ఖాళీలోకి గేటు లోహం పోయాలి. ఎక్కడో ఒకచోట కాస్త మిగిలిపోయినా, కాస్త ఎక్కువ తొలిచినా ఆ ట్రాన్సిస్టర్ పని అయిపోయినట్టే. అలాంటివి ఒక్కో చిప్‌లో వేల కోట్లు ఉంటాయి.

అసలు తేడా వెనక వైపు నుంచి కరెంటు ఇవ్వడంలో ఉంది. ఇందులో ఇంటెల్‌కి మార్కులు వేయకపోతే అన్యాయం. ఇన్నాళ్లూ సిగ్నల్ తీగలూ, కరెంటు తీగలూ రెండూ ట్రాన్సిస్టర్ల పైవైపే ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. పైనుంచి బయల్దేరిన కరెంటు పది పదిహేను పొరలు దిగి ట్రాన్సిస్టర్‌ దాకా వచ్చేసరికి వోల్టేజీ కొంత దారిలోనే కరిగిపోతుంది. పవర్‌వియా అని పేరు పెట్టుకున్న పద్ధతిలో ఇంటెల్ వేఫర్‌ని (చిప్‌లు తయారయ్యే గుండ్రటి సిలికాన్ పలకని) తిప్పి, వెనక నుంచి బాగా పలచగా అరగదీసి, కరెంటు తీగలను అటువైపుకి మార్చేసింది. పైగా దీన్ని ఒక్కసారిగా కొత్త ట్రాన్సిస్టర్‌తో కలిపి గుడ్డిగా దూకలేదు. ముందు తమకు బాగా తెలిసిన ఇంటెల్ 4 అనే ముందు తరం ఫిన్‌ఫెట్ల మీద ఒక టెస్ట్ చిప్ చేసి, 2023లో ఫలితాలు చెప్పింది. ఫ్రీక్వెన్సీ 6 శాతం పెరిగింది, చిప్‌లో కొన్ని చోట్ల సెల్స్ (చిన్న చిన్న సర్క్యూట్లు) 90 శాతానికి పైగా చోటు నింపి కిక్కిరిసి కూర్చున్నాయి. ప్లేస్ అండ్ రూట్ (సర్క్యూట్లను చిప్ మీద అమర్చి తీగలు కలపడం) చేసేవాళ్లకి ఈ రెండో అంకె ఎంత ఊరిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. టీఎస్‌ఎంసీ ఎన్2లో ఈ పద్ధతి లేదు, దాని తర్వాతి ఏ16లో తెస్తామని చెప్పింది.

అయితే దీని వెనక ఎక్కువమంది మాట్లాడని చిక్కు ఒకటుంది. ల్యాబ్‌కి వచ్చిన చిప్ సరిగా పనిచేయకపోతే, ఇంతకాలం మేం వెనక వైపు నుంచి ఇన్‌ఫ్రారెడ్ లేజర్ వేసి చూసేవాళ్లం. ఆ కాంతి సిలికాన్‌లోంచి దూరిపోతుంది కాబట్టి ఏ ట్రాన్సిస్టర్ ఎప్పుడు ఆన్ అవుతోందో నేరుగా కనిపించేది. ఇప్పుడు అటువైపంతా లోహమే, దారి మూసుకుపోయింది. ట్రాన్సిస్టర్లు రెండు వైపులా తీగల మధ్య ఇరుక్కున్నాయి కాబట్టి వేడి బయటికి పోవడం కూడా ముందంత సులువు కాదు. వీటికి మార్గాలు లేకపోలేదు, కానీ డీబగ్ చేసేవాళ్ల టెన్షన్ మాత్రం పెరిగింది.

ఇంత చెప్పి కూడా, ఎవరికి పంపాలో తేల్చేది ఇవేవీ కాదంటాను. నా లెక్కలో తేల్చేది లోపాల సాంద్రత, అంటే చదరపు సెంటీమీటరు వేఫర్‌కి సగటున ఎన్ని చోట్ల చెడిపోతోంది అన్నది. అందరూ ఈల్డ్ (మొత్తంలో బాగా వచ్చిన చిప్‌లు) ఎంత శాతం అని అడుగుతారు, వార్తల్లో కూడా ఒట్టి శాతాలే వస్తాయి. చిప్ సైజు చెప్పకుండా ఈల్డ్ శాతం చెప్తే ఆ అంకెకి అర్థమే లేదు. లోపాలు ఎక్కడంటే అక్కడ పడతాయనుకునే పాత పాయిసన్ సూత్రంతోనే చూడండి. చదరపు సెంటీమీటరుకు 0.1 లోపం ఉన్న ఫ్యాబ్‌లో 1 చదరపు సెంటీమీటరు చిప్ చేస్తే 90 శాతం బాగుంటాయి. 0.5 లోపం ఉన్న ఫ్యాబ్‌లో 61 శాతం. నష్టమే, కానీ బండి నడుస్తుంది. ఇప్పుడు ఏఐ చిప్‌లలా 8 చదరపు సెంటీమీటర్ల డై (వేఫర్ నుంచి కోసిన ఒక్క చిప్ ముక్క) తీసుకోండి. మొదటి ఫ్యాబ్‌లో 45 శాతం దక్కుతాయి, రెండో ఫ్యాబ్‌లో వందకి రెండు కూడా దక్కవు. 300 మిల్లీమీటర్ల వేఫర్ మీద అంత పెద్ద డైలు పట్టేదే 60 పైచిలుకు, అంటే వేఫర్ మొత్తానికి చేతికొచ్చేది ఒకటి, అదృష్టం ఉంటే రెండు. నిజానికి చెడిన కోర్లను ఆపేసి మిగతాది అమ్ముకునే ఏర్పాట్లు ఉంటాయి కాబట్టి పరిస్థితి మరీ ఇంత ఘోరంగా ఉండదు. అయినా విషయం అర్థమైంది కదా, అదే ఫ్యాబ్ ఫోన్ చిప్‌కి పర్వాలేదనిపిస్తుంది, సర్వర్ చిప్‌కి ఎందుకూ పనికిరాదు.

ఈ లోపాలు ఎలా తగ్గుతాయి అంటే, వేఫర్లు నడపడం వల్లే తగ్గుతాయి, దానికి అడ్డదారి లేదు. ఒక వేఫర్ ఫ్యాబ్‌లోకి వెళ్లి బయటికి రావడానికి మూడు నెలలు పైనే పడుతుంది. ఏదో మార్చి, ఫలితం చూసి, మళ్లీ మార్చడానికి ఏడాదిలో ఎన్ని అవకాశాలొస్తాయో మీరే లెక్కేసుకోండి. అందుకే ఒకేసారి వేల వేఫర్లు వేర్వేరు దశల్లో తిరుగుతూ ఉన్న ఫ్యాబ్ ఒక నెలలో నేర్చుకునేది, అప్పుడప్పుడు నాలుగు లాట్లు (వేఫర్ల కట్టలు) నడిపే ఫ్యాబ్ ఏడాదికి కూడా నేర్చుకోలేదు. టీఎస్‌ఎంసీ గుట్టంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. కొత్త నోడ్ (తయారీ తరం) మొదలైన ఏడాది ఫోన్ చిప్‌లవాళ్లు వరసలో ముందుంటారు. వాళ్ల చిప్ చిన్నది, కాబట్టి లోపాలు కాస్త ఎక్కువున్నా తట్టుకుంటుంది, కావలసిన సంఖ్య మాత్రం కోట్లలో ఉంటుంది. ఫ్యాబ్ పాఠాలు నేర్చుకోవడానికయ్యే ఖర్చు వాళ్లే భరిస్తారు, ఏడాది తర్వాత లోపాలు తగ్గాక పెద్ద డైల వాళ్లు తాపీగా వస్తారు.

రెండో అలవాటు, ఒక్కసారికి ఒక్కటే మార్చడం. 3 నానోమీటర్ల దగ్గర శాంసంగ్ కొత్త ట్రాన్సిస్టర్‌కి దూకితే, టీఎస్‌ఎంసీ పాత ఫిన్‌ఫెట్‌నే ఇంకో తరం నడిపింది. అప్పట్లో చాలామంది నవ్వారు, నేనూ నవ్వాను. ఎన్2లో నానోషీట్ తెచ్చి, వెనక కరెంటును మళ్లీ ఏ16కి వాయిదా వేసింది. దీనికి సరిగ్గా వ్యతిరేకం ఇంటెల్ 10 నానోమీటర్ల కథ. ఒకే నోడ్‌లో సాంద్రత 2.7 రెట్లు పెంచాలనుకున్నారు, ఈయూవీ (అతి సన్నని గీతలు ముద్రించే కాంతి) లేకుండా నాలుగుసార్ల ప్యాటర్నింగ్, కొబాల్ట్ తీగలు, గేటు పైనే కాంటాక్ట్ (తీగ తగిలే చోటు), అన్నీ ఒకేసారి. ఏది చెడగొడుతోందో విడదీసి చూడటం కష్టమైపోయింది, రావలసిన చిప్‌లు నిండుగా మార్కెట్‌కి వచ్చేసరికి 2019 అయింది. 18ఏ దగ్గర ఆ పాఠం గుర్తుపెట్టుకున్నట్టే ఉన్నారు, పవర్‌వియాని విడిగా పరీక్షించింది అందుకే.

శాంసంగ్ గురించి చెప్పాలంటే ముందొచ్చిన చెవుల సామెతే గుర్తొస్తుంది. నాలుగు వైపుల గేటుతో 3 నానోమీటర్ల ఉత్పత్తి మొదలుపెట్టామని 2022 జూన్ 30న ప్రపంచంలో అందరికంటే ముందు ప్రకటించింది వాళ్లే. టీఎస్‌ఎంసీ అదే రకం ట్రాన్సిస్టర్‌ని 2025 చివరికి గానీ ఉత్పత్తిలోకి తేలేదు, అంటే మూడేళ్లకు పైగా ఆధిక్యం. మరి ఆ ఆధిక్యం ఏమైంది? 2025లో శాంసంగ్ తన సొంత గెలాక్సీ ఎస్25, ఎస్25 ప్లస్, ఎస్25 అల్ట్రా ఫోన్లన్నిటిలో వాడింది క్వాల్కమ్ చిప్, అది తయారైంది టీఎస్‌ఎంసీలో. ఇంటి దీపమని ముద్దాడలేదన్నమాట. మాట వచ్చింది కాబట్టి, ఇంటెల్ కూడా 2024లో లూనార్ లేక్, ఆరో లేక్ చిప్‌ల కంప్యూట్ టైల్స్ (ప్రాసెసర్ కోర్లుండే ముక్కలు) టీఎస్‌ఎంసీ దగ్గరే చేయించుకుంది. పోటీదారులిద్దరూ తమ ముఖ్యమైన సరుకుకి ఎవరి తలుపు తట్టారో చూస్తే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. శాంసంగ్‌కి మంచి రోజులు రావని మాత్రం అనను. 2025 జూలైలో టెస్లా 1650 కోట్ల డాలర్ల ఒప్పందం టెక్సస్‌లోని టేలర్ ఫ్యాబ్‌కి పెద్ద ఊపిరి, ఆ ఏడాది డిసెంబర్‌లో 2 నానోమీటర్ల ఎక్సినోస్ 2600 ఫోన్ చిప్ కూడా ప్రకటించారు. నడిపే వేఫర్లు పెరిగితే వాళ్ల లోపాలూ తగ్గుతాయి.

ఇంకో సంగతి నా అనుభవం నుంచి. కొన్నేళ్ల కిందట మా టీమ్ ఒక చిన్న చిప్ చేస్తోంది, ఏ ఫౌండ్రీకో (ఇతరుల చిప్‌లు తయారుచేసిపెట్టే కంపెనీకో) పేరెందుకులెండి. టేపౌట్‌కి (డిజైన్‌ని ఫ్యాబ్‌కి అప్పగించడానికి) ఆరు వారాలుందనగా పీడీకే (ఫౌండ్రీ ఇచ్చే డిజైన్ నియమాల కిట్) కొత్త వెర్షన్ వచ్చింది, మెటల్ రూల్స్ కొన్ని మారాయి, అప్పటిదాకా శుభ్రంగా ఉన్న డిజైన్‌లో రాత్రికి రాత్రి వేల డీఆర్‌సీ (డిజైన్ నియమాల తనిఖీ) ఎర్రర్లు లేచాయి. సరే ఇంకో ఫౌండ్రీకి పోదాం అనుకోవడానికి లేదు. లైబ్రరీలు వేరు, మెమరీ కంపైలర్ వేరు, కొన్న ఐపీలు (రెడీమేడ్ సర్క్యూట్ డిజైన్లు) అక్కడ లేవు, అంటే పని దాదాపు మొదటి నుంచి. బయటివాళ్లు అనుకున్నట్టు ఫైల్ ఇటు పంపకపోతే అటు పంపే వ్యవహారం కాదిది. అప్పటి నుంచి ఫౌండ్రీల స్లైడ్లలో శాతాలు చూడటం మానేసి, పీడీకే వెర్షన్ ఒకటి దాటాక ఎన్నిసార్లు మారింది, బయటి కస్టమర్లు ఎంతమంది టేపౌట్ చేశారు అని మాత్రమే అడుగుతున్నాను.

మిగతావాళ్ల గురించి క్లుప్తంగా. ఐబీఎం 2021లోనే ఆల్బనీలో 2 నానోమీటర్ల టెస్ట్ చిప్ చూపించింది, కానీ దానికి సొంతంగా ఉత్పత్తి చేసే ఫ్యాబ్ లేదు, ఆ టెక్నాలజీని జపాన్‌లోని రాపిడస్‌ నేర్చుకుంటోంది. రాపిడస్ హొక్కైడోలో ప్రోటోటైప్ ట్రాన్సిస్టర్లు చేసింది, భారీ ఉత్పత్తికి 2027 అంటున్నారు, అప్పటిదాకా ఆగుదాం. బెల్జియంలో ఐమెక్ అనే పరిశోధన సంస్థ ఫోర్క్‌షీట్, సీఫెట్ లాంటి రాబోయే ట్రాన్సిస్టర్ తరాల పని చేస్తుంది, పరిశోధన చేయాలనుకునే పిల్లలకు నేను ముందు చెప్పే పేరు అదే, చిప్ చేయించుకోవడానికి మాత్రం కాదు. చైనాలో ఎస్‌ఎంఐసీ ఈయూవీ మెషీన్ లేకుండానే 7 నానోమీటర్ల స్థాయి చిప్ చేసి 2023లో ఆశ్చర్యపరిచింది, ఈ పోటీలో లేదు.

మరి టీఎస్‌ఎంసీకి వంకలు లేవా? ఉన్నాయి. ఎన్2 అంతా ప్రస్తుతానికి తైవాన్‌లోనే, షిన్‌చూ, కావోషుంగ్‌లలో. భూకంపాల సంగతీ, రాజకీయాల సంగతీ మీకు తెలుసు. అంతకంటే దగ్గరి బాధ, మీరు చిన్న కస్టమర్ అయితే అక్కడ మీ వంతు రావడమే గగనం. చోటు దొరికితే మాత్రం ఇంకో ఆలోచన లేకుండా నేను ఎన్2కే పంపుతాను. దొరకకపోతే శాంసంగ్ కంటే ముందు 18ఏ వైపే చూస్తాను, ముఖ్యంగా చిప్ కరెంటు ఎక్కువ తాగేదైతే. పాంథర్ లేక్ అనే ల్యాప్‌టాప్ చిప్ కంప్యూట్ టైల్ అరిజోనాలో 18ఏ మీదే తయారై ల్యాప్‌టాప్‌లలోకి వచ్చేసింది కాబట్టి అది ఇక కాగితం మీది నోడ్ కాదు. కానీ అది ఇంటెల్ సొంత చిప్, టైల్ కూడా చిన్నదే. ఇంటెల్‌తో సంబంధం లేని ఒక కంపెనీ, 5-6 చదరపు సెంటీమీటర్ల డైని 18ఏ మీదో దాని తర్వాతి వెర్షన్ మీదో చేయించి, రెండో తరం కూడా అక్కడే చేయిస్తానని చెప్పిన రోజున ఈ వరస మార్చి మళ్లీ రాస్తాను.