బ్యాటరీకి జానెడు దూరంలో: కారు ఫ్యూజులు, సర్క్యూట్ బ్రేకర్లు, ఏడేళ్ళ వాడకం తర్వాత

ఈ సమీక్ష కంపెనీ కారుతో ఇచ్చిన ఫ్యూజుల గురించి కాదు. వాటిని తయారీదారు వైరును చూసి లెక్క కట్టే వేస్తాడు. ఇది మనం తర్వాత తగిలించుకునే హెడ్‌లైట్ రిలే కిట్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చూ దాని వైర్లూ), ఆంప్లిఫయర్, డ్యాష్‌క్యామ్, టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ లాంటి వాటి వైరింగ్‌కు వేసిన రక్షణ గురించి. హైదరాబాద్‌లో రెండు పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌లలో ఏడు ఎండాకాలాలు, ఏడు వానాకాలాలు చూసిన సామాను ఇది. ఒక కారులో బ్యాటరీ ప్లస్ దగ్గర 60 ఆంప్స్ మిడి ఫ్యూజు (బోల్టులతో బిగించే పెద్ద ఫ్యూజు), రెండో కారులో అదే చోట 50 ఆంప్స్ మాన్యువల్ రీసెట్ బ్రేకరు (కరెంటు ఎక్కువైతే దారి తెంచి, బటను నొక్కితే మళ్ళీ కలిపేది). రెండింటిలోనూ అక్కడి నుంచి 10 స్క్వేర్ ఎంఎం (లోపలి లోహం అడ్డుకోత వైశాల్యం) కేబులు, దాని చివర ఆరు దారుల బ్లేడ్ ఫ్యూజు బాక్సు. బ్లేడ్ అంటే రెండు చదును కాళ్ళతో గుచ్చే రంగు ప్లాస్టిక్ ఫ్యూజు. ఇవి కాక డ్యాష్‌క్యామ్ కోసం రెండు ఫ్యూజ్ ట్యాపులు, అంటే ఉన్న ఫ్యూజు చోట గుచ్చి అక్కడి నుంచి ఇంకో ఫ్యూజుతో కొత్త వైరు తీసే ముక్కలు.

మిడి ఫ్యూజు ఏడేళ్ళలో ఒక్క ఇబ్బందీ పెట్టలేదు. బ్రేకరును నాలుగో ఏట తీసి పారేయాల్సి వచ్చింది. వంద ముక్కల డబ్బాలో చవగ్గా వచ్చిన రంగురంగుల ఫ్యూజులు మొదటి పరీక్షలోనే తప్పాయి. ఎందుకో చెప్పాలంటే ముందు ఫ్యూజు పనేమిటో తేలాలి.

ఫ్యూజు లైటునో స్టీరియోనో కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. 12 వోల్టులు చేత్తో తాకినా షాక్ కొట్టదు కాబట్టి భయం ఉండదు, అక్కడే మోసపోతాం. లెక్క చూడండి. మూడు మీటర్ల 1.5 స్క్వేర్ ఎంఎం వైరు నిరోధం సుమారు 40 మిల్లీఓమ్‌లు. బ్యాటరీ లోపలిది, టెర్మినళ్ళది కలిపి ఇంకో 10 వేసుకుందాం. ఆ వైరు చివర బాడీకి తగిలిందంటే 12ను 0.05తో భాగించాలి: 240 ఆంప్స్. ఆ కరెంటుకు వైరులో పుట్టే వేడి రెండు కిలోవాట్ల పైమాటే. బాత్రూమ్ గీజరు కాయిల్ వేడంతా వేలెడు మందం కూడా లేని వైరులో, డ్యాష్‌బోర్డు వెనక పుడుతుందన్నమాట. పీవీసీ తొడుగు క్షణాల్లో కరిగి, అదే కట్టలో ఉన్న పక్క వైర్లకూ అంటుకుంటుంది. ముందు 15 ఆంప్స్ ఫ్యూజు ఉంటే సెకనులో చిన్న భాగంలోనే దారి తెగిపోతుంది.

అందుకే ఫ్యూజు ఎంతది అన్నదానికన్నా ఎక్కడుంది అన్నది ముందు చూడాలి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరుకు ఏ రక్షణా ఉండదు. కార్ ఆడియో పనివాళ్ళు పాటించే హద్దు 18 అంగుళాలు. నా మట్టుకు జానెడు దాటనివ్వను. యాక్సెసరీ షాపుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: వైరు మధ్యలో వేసే ఫ్యూజు హోల్డరును (ఇన్‌లైన్ హోల్డరు) చేతికి అందుతుందని డ్యాష్‌బోర్డు కింద పెడతారు. ఫ్యూజు ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకుకు పెట్టిన రంధ్రం, అంటే వైరు రాసుకుని తెగే అసలు చోటు, ఫ్యూజుకు ముందే ఉండిపోతుంది. మీ కారులో ఏదైనా బిగించి ఉంటే బానెట్ ఎత్తి ప్లస్ టెర్మినల్ నుంచి బయల్దేరిన ప్రతి అదనపు వైరునూ వేలితో పట్టుకుని వెంట వెళ్ళండి. జానెడు లోపు ఫ్యూజు తగలకపోతే అది తిరిగి చేయించాల్సిన పని. ఆ రేకు రంధ్రంలో వైరు అంచుకు రాసుకోకుండా కాపాడే రబ్బరు గ్రోమెట్ ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

ఎంత ఫ్యూజు వేయాలన్నదానికి రెండు హద్దులున్నాయి. పరికరం లాగే కరెంటుకు పావు వంతు కలిపితే కింది హద్దు. వైరు భరించేది పై హద్దు. బానెట్ కింద వేడి లెక్కలో పెట్టుకుని నేను పాటించేది కాస్త జాగ్రత్తగా వేసుకున్న కొలత: 0.75 స్క్వేర్‌కు ఏడున్నర ఆంప్స్, 1 స్క్వేర్‌కు 10, ఒకటిన్నరకు 15, రెండున్నరకు 20, నాలుగుకు 30, ఆరుకు 40. లోడుకు కావలసిన ఫ్యూజు వైరు హద్దును దాటితే మార్చాల్సింది వైరు. ఈ కొలత రాగి వైరుకు, అదీ నిజం రాగికే. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుళ్ళు ఆంప్లిఫయర్ కిట్లలో చాలా వస్తాయి. వాటి నిరోధం అదే మందం రాగి నిరోధానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. కొసను చాకుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది.

హెడ్‌లైట్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర వైర్లు కాలడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. మామూలు హెచ్4 బల్బు 60/55 వాట్లు, హై బీమ్‌లో 5 ఆంప్స్. 100/90 బల్బు వేస్తే అది 8.3 అవుతుంది, ఇంజను నడుస్తూ వోల్టేజీ 14 దగ్గర ఉన్నప్పుడు ఇంకాస్త. కంపెనీ వేసిన సన్నటి వైరు, బల్బు వెనకున్న ప్లాస్టిక్ కప్లరు దానికి తయారు చేసినవి కావు. మొదట్లో ఫ్యూజు అప్పుడప్పుడు పోతుంది. "ముప్పై వేస్తే మళ్ళ పోదు సార్" అంటాడు మెకానిక్. నిజమే, ఫ్యూజు పోదు, ఈసారి పోయేది వైరు. 100/90 కావాలనే అనుకుంటే రిలే కిట్ తప్పనిసరి: బ్యాటరీ నుంచి రెండున్నర స్క్వేర్ వైరు, ఎడమ కుడి లైట్లకు వేర్వేరు 15 ఆంప్స్ ఫ్యూజులు, పింగాణీ కప్లర్లు, పాత స్విచ్ వైరు రిలేలో కాయిల్‌కు వెళ్ళే 85, 86 పిన్నులకు మాత్రమే. మార్కెట్లో దొరికే కిట్లలో సగానికి ఒకే 30 ఆంప్స్ ఫ్యూజు ఉంటుంది. అది పోతే శ్రీశైలం ఘాట్‌లో రెండు లైట్లూ ఒక్కసారే ఆరిపోతాయి. కొన్నాక ఆ ఒక్క ఫ్యూజునూ తీసి రెండుగా విడగొట్టుకోవాలి.

ఇక నాణ్యత. మంచి బ్లేడ్ ఫ్యూజు తన రేటింగుకు 10 శాతం ఎక్కువ కరెంటు పారినా వంద గంటలు నిలవాలి, 35 శాతం ఎక్కువైతే పది నిమిషాల లోపు, రెట్టింపైతే ఐదు సెకన్ల లోపు పోవాలి. ఆ చివరి షరతును ఇంట్లోనే పరీక్షించవచ్చు. రెండు 60/55 హెచ్4 బల్బులు తీసుకుని నాలుగు ఫిలమెంట్లనూ సమాంతరంగా కలిపితే ఛార్జి నిండిన బ్యాటరీ మీద దాదాపు 20 ఆంప్స్ లాగుతాయి. దారిలో 10 ఆంప్స్ ఫ్యూజు పెట్టండి. రెండున్నర స్క్వేర్ వైరు వాడండి, బల్బులు బండ మీద ఉంచండి, కళ్ళకు అద్దాలు, చేతిలో కటింగ్ ప్లయరు ఉండాలి. పేరున్న తయారీ ఫ్యూజు రెండు మూడు సెకన్లలో పోయింది. వంద ముక్కల డబ్బాలోని ఫ్యూజు అర నిమిషం దాటినా వెలుగు ఆగలేదు, ఫ్యూజు ప్లాస్టిక్ మెత్తబడి వంగింది. అలాంటిది కారులో ఉండటం, లేకపోవడం ఒకటే. కోఠీ గుజరాతీ గల్లీలోనో, రాణిగంజ్‌లోనో విడిగా కొనేటప్పుడు కాళ్ళ మీదా తల మీదా తయారీదారు గుర్తు, రేటింగు, 32వీ అన్న ముద్ర ఉన్నవే తీసుకోండి. ఎర్ర ఫ్యూజు అనగానే 10 అనుకోవద్దు: మామూలు బ్లేడ్‌లో ఎరుపు 10, పెద్ద మ్యాక్సీ ఫ్యూజులో ఎరుపు 50. అంకె చదవడమే మంచిది.

బ్రేకరు విషయంలో నా మొదటి అభిప్రాయం మారింది. కొన్నప్పుడు రీసెట్ బటను, పని చేసేటప్పుడు స్విచ్‌లా ఆపే వీలు చూసి ఫ్యూజు కన్నా మేలనిపించింది. మూడు లోపాలు వాడితేనే తెలిశాయి. మొదటిది వేడి. లోపలున్న ద్విలోహ పట్టీ (రెండు లోహాలు అతికించి, వేడికి వంగేలా చేసినది) కరెంటు వేడికీ బయటి వేడికీ తేడా తెలియకుండా వంగుతుంది. మే నెల మధ్యాహ్నం, బయట 42 డిగ్రీలు, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడితే బానెట్ కింద 50 ఆంప్స్ బ్రేకరు 40 దరిదాపులకే తెగింది. రెండోది తడి. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా బటను చుట్టూ నీరు దిగింది. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, లోపలి కాంటాక్టులు. కొత్తలో 20 ఆంప్స్ పారుతున్నప్పుడు లోపలి నిరోధం వల్ల రెండు బోల్టుల మధ్య 60 మిల్లీవోల్టుల వోల్టేజీ తగ్గేది. నాలుగో ఏట అదే 240కి చేరింది. అంటే దాదాపు 5 వాట్ల వేడి పెట్టెలోనే నిలబడి పుడుతోంది, చెయ్యి పెడితే కాలుతోంది. ఇప్పుడు ఆ కారులో కూడా మిడి ఫ్యూజే. బ్రేకరు కొనాలనుకునేవాళ్ళు ఒక రకాన్ని మాత్రం పూర్తిగా వదిలేయండి: తానంతట తాను రీసెట్ అయ్యేది, టైప్ 1. వైపరు, పవర్ విండో మోటార్లకు అది తగినదే, మోటారు ఇరుక్కుని వదిలితే మళ్ళీ పని చేస్తుంది. మనం లాగిన అదనపు వైరు షార్ట్ అయి అలాగే ఉండిపోతే మాత్రం చల్లారినప్పుడల్లా మళ్ళీ కలుపుతూ అదే చోటును పదే పదే కాలుస్తుంది. చేత్తో నొక్కితేనే కలిసే టైప్ 3 తీసుకోండి, ఏటా మల్టీమీటరుతో ఆ మిల్లీవోల్టులు చూడండి.

ఆ కొలతే ఫ్యూజు చూడలేని ప్రమాదాన్ని పట్టిస్తుంది. వదులు జాయింటుకు ఫ్యూజు పోదు. కరెంటు ఎక్కువ కాదు కదా. 10 ఆంప్స్ లాగే కంప్రెసరు ప్లగ్గు సిగరెట్ లైటరు సాకెట్‌లో వదులుగా ఉండి అక్కడ 0.2 ఓమ్ నిరోధం ఉంటే 20 వాట్లు ఆ స్ప్రింగు దగ్గరే పుడతాయి. సోల్డరింగ్ ఐరన్ అంత. 15 ఆంప్స్ ఫ్యూజు నిశ్చింతగా ఉంటుంది, ప్లగ్గు కొస కరుగుతుంది. నాలుగు టైర్లకు గాలి కొట్టేటప్పుడు ఒక్కో టైరుకు మధ్య ప్లగ్గు కొసను తాకి చూడండి. ఒక సాకెట్‌ను మూడు చేసే స్ప్లిటరు కంప్రెసరుకు వాడకండి. వైరు మెలిపెట్టి టేపు చుట్టిన ముళ్ళూ ఇంతే. మన ఎండకు టేపు జిగురు కారి విడిపోతుంది. థింబుల్ (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) వేసి సరైన క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, పైన వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు వేస్తే ఏడేళ్ళుగా కదల్లేదు. నొక్కాక గట్టిగా లాగి చూడాలి, ఊడితే అప్పుడే ఊడాలి.

ఫ్యూజ్ ట్యాపులకు ఒక్క జాగ్రత్త చాలు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజను కంప్యూటరు ఫ్యూజుల్లో పెట్టకండి. పెట్టాక ట్యాపులోని పాత ఫ్యూజు తీసి చూడండి: డ్యాష్‌క్యామ్ ఇంకా వెలుగుతుంటే దిశ సరైనది. ఆరిపోతే ట్యాపును తిప్పి పెట్టాలి, లేకపోతే రెండు లోడులూ పాత ఫ్యూజు మీదే పడతాయి.

ఫ్యూజు పోయిందంటే అదే రేటింగుది ఒక్కసారి వేయండి. మళ్ళీ పోతే ఇంకో ఫ్యూజు దండగ. ఫ్యూజు చోట 21 వాట్ల బ్రేకు బల్బును రెండు వైర్లతో తగిలించండి. షార్ట్ ఉన్నంతసేపు బల్బు నిండుగా వెలుగుతుంది, కరెంటు మాత్రం 2 ఆంప్స్ దాటదు కాబట్టి ఏమీ కాలదు. ఇక వైరు కట్టను జానెడు జానెడుగా కదుపుతూ రండి. బల్బు మినుకుమన్న చోటే దెబ్బ. సెల్లారు పార్కింగుల్లో ఉండే కార్లకైతే సగం సార్లు అది ఎలుక పళ్ళ పని. కొరికిన చోట టేపు చుట్టి సరిపెట్టకుండా ఆ ముక్క కోసి కొత్తది క్రింప్ చేయాలి.

ఏటా రెండుసార్లు చూస్తే సరిపోతోంది: ఉగాదికి, ఎండలు ముదరక ముందు, టెర్మినళ్ళ బిగువు, మిల్లీవోల్టులు, దసరాకు, ఆయుధపూజ కోసం బండి కడిగే రోజున, ఫ్యూజు కాళ్ళ మీద పచ్చటి చిలుము, ఎలుక గాట్లు. ఏ పని మొదలుపెట్టినా 10 నంబరు స్పానరుతో ముందు మైనస్ తీయండి. ప్లస్ మీద పెట్టిన స్పానరు బాడీకి తగిలితే మధ్యలో ఏ ఫ్యూజూ ఉండదు.

గ్లవ్ బాక్సులో ఇప్పుడు ఉండేవి: 10, 15, 20 ఆంప్స్ బ్లేడ్ ఫ్యూజులు మూడేసి, ఒక 60 ఆంప్స్ మిడి, 10 నంబరు స్పానరు, వైర్లు అతికించిన 21 వాట్ల బల్బు. 30 ఆంప్స్ ఫ్యూజు ఒక్కటి కూడా పెట్టలేదు, అవసరంలో ఎవరి చేతికైనా అదే అందుతుందని.